సూదితో బాటు కత్తెరయు

మన పాఠశాలలోని కుట్టుగదిని ఖాళీ చేసి, ఆ స్థలమును కంప్యూటరు తరగతికి నీయవలెనని ఈ సంవత్సరము ప్రస్తావన వచ్చినది. ఆ గదిలో కాలితో త్రొక్కు మిషనులు ఆరును, పెద్దబల్ల యొకటియు, అద్దపు బీరువాలో వెనుకటి విద్యార్థినులు కుట్టిన చేతిరుమాళ్లును దిండుగలీబులును కలవు. ఎనిమిది, తొమ్మిది తరగతుల బాలికలు వారమునకు ఒక గంట చొప్పున అచ్చటికి పోవుచున్నారు. పరీక్షలు సమీపించినప్పుడు ఆ గంటలో గణితము చెప్పుట వాడుక యైనది. ఇట్టి స్థితిలో నున్న తరగతి యుండిన నేమి, పోయిన నేమి యని కొందరు సహోపాధ్యాయులు అడుగుచున్నారు. వారి ప్రశ్న సహేతుకమైనదే. నా సమాధానము మాత్రము వేరు. గది యుండవలెను, కాని అందు నేడు జరుగుచున్న పాఠము ఉండరాదు. ఈ రెండు మాటలకును కారణములు చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

పదవ తరగతి ముగించు పిల్లలను, మీరేమి కాదలచితిరని అడిగినచో, ఇంజనీరు, డాక్టరు అను పాత జవాబులతో బాటు ఫ్యాషను డిజైనరు అను క్రొత్త జవాబు వినవచ్చుచున్నది. ఆ పేరు పలుకుటకు బాగుగనే యున్నది గాని, మన భాషలో వారిని వస్త్రశిల్పులనుట నాకిష్టము. పిల్లల కోరిక గాలిమాట కాదు. హనుమకొండలో ఏ వీధికి పోయినను బొటిక్ అను పలక కనబడును. మగ్గము పని చేయించిన రవికెకు చీర వెలకంటె అధికముగా చెల్లించు పెండ్లివారు ఇప్పుడు మన యూరిలో వింత కాదు. ఇంటిలో ఒక మిషను వేసికొని, చేతి ఫోనులో తాను కుట్టిన రవికెల ఛాయాచిత్రములను పదిమందికి చూపించి, తన పేరనే వ్యాపారము సాగించుకొను స్త్రీలు అనేకులు కలరు. అయితే మన విద్యార్థులలో చాలమంది ఆ వృత్తి యనగా బొమ్మలు గీయుట యనియు, రంగులను ఎన్నుకొనుట యనియు తలంచుచున్నారు. వారమున కొక గంట కుట్టుగదిలో కూర్చుండుచునే, కళాశాలకు పోయి డిజైనింగు నేర్చుకొనెదమనుచున్నారు! ఈ గదికిని ఆ వృత్తికిని సంబంధము కలదని వారికి తోచుటలేదు. తోచకపోవుటకు కారణము వారు కారు.

తమ పేర వస్త్రశాలలు నెలకొల్పి ప్రసిద్ధికెక్కినవారి జీవితములను చూచినచో, వారిలో అనేకులు సూదినుండి బొమ్మకు వచ్చినవారే గాని బొమ్మనుండి సూదికి వచ్చినవారు కారు. గాబ్రియేల్ షానెల్ 1883లో ఫ్రాన్సు దేశమున సొమ్యూర్ పట్టణమునందు బీదకుటుంబమున జన్మించెను. 1895లో తల్లి మరణింపగా, తండ్రి యామెను ఒబజీన్ గ్రామమున కన్యాస్త్రీలు నడుపుచుండిన అనాథశరణాలయమున విడిచెను. ఆమె కుట్టుపని నేర్చినది అచ్చటనే. అనాథబాలికకు బ్రతుకుదెరువుగా నేర్పిన విద్య యది. మన దేశమున మిషను వసతిగృహములలో నేర్పిన విద్యకును దానికిని భేదమేమియు లేదు. స్పెయిను దేశస్థుడైన క్రిస్టొబాల్ బాలెన్సియాగా (1895–1972) తల్లి కుట్టుపని చేయుచుండగా ఆమె ప్రక్కన గూర్చుండి నేర్చుకొనెను. బట్టను తానే కత్తిరించి, తానే కుట్టి, మనిషికి తొడిగి తానే సరిదిద్దగలవాడని తోడి వస్త్రశిల్పులు అతనిని గౌరవించిరి. లండనులో టాక్సీ నడుపువాని కుమారుడగు అలెగ్జాండర్ మక్వీన్ పదునారవయేట బడి విడిచి, సావిల్ రో వీధిలోని దర్జీ దుకాణమున శిష్యుడుగా చేరెను. వివియన్ వెస్ట్‌వుడ్ (1941–2022) మనవలె బడిపంతులమ్మ. ఆమె కత్తిరింపును కళాశాలలో గాక, పాతదుస్తుల కుట్లు విప్పి, ముక్కలను నేలపై పరచి, వాని ఆకారములను చూచి నేర్చుకొనెను. ఈమె పద్ధతిని గూర్చి ముందు మరల చెప్పవలసియున్నది.

బొమ్మనుండి బట్టకు వచ్చినవారు లేకపోలేదు. కొల్హాపురమున 1929లో జన్మించిన భాను అథయ్యా చిత్రకళను అభ్యసించి, బొంబాయిలో స్త్రీల పత్రికకు దుస్తుల బొమ్మలు గీయుచుండెను. ఆ పత్రికా సంపాదకురాలు దుస్తుల దుకాణము తెరచి, కాగితముమీది బొమ్మలను బట్టలో చేసి చూడుమని కోరినప్పుడు ఆమెకు తన నిజమైన వృత్తి తెలియవచ్చెను. గాంధీ చలనచిత్రమునకు చేసిన వస్త్రములకుగాను 1983లో ఆస్కారు బహుమానము నందుకొని, భారతీయులలో దానిని పొందిన మొదటి వ్యక్తి యయ్యెను. హైదరాబాదువాసి గౌరంగ్ షా ఏ ఫ్యాషను కళాశాలలోను చదువలేదు. తండ్రిగారి బట్టల దుకాణమే ఆయనకు బడి. మన తెలుగునటి సావిత్రి జీవితమును గూర్చి 2018లో వెలువడిన మహానటి చిత్రమునకు, ఇంద్రాక్షి పట్నాయక్, అర్చనా రావు గార్లతో కలిసి ఆయన వస్త్రాలంకరణలో జాతీయ పురస్కారమును పొందెను. దుకాణములో పుట్టినను, చిత్రశాలలో పుట్టినను, వీరందరును ఒక్క ద్వారముననే లోపలికి వచ్చిరి. బట్టను చేత పట్టుకొని, అది యెట్లు వ్రాలునో, ఎచ్చట సాగునో, ఎచ్చట పిగులునో తెలిసికొనిరి.

ఇంతవరకు చెప్పినది ఎవరైనను ఒప్పుకొనెదరు. ఇక స్వతంత్రమను మాటను విచారింతము. ఆంగ్ల పత్రికలలో స్వతంత్ర డిజైనర్లని యొక తెగను పేర్కొనుచున్నారు. పెద్ద కంపెనీకి జీతగాండ్రు గాక, తమ పెట్టుబడితో, తమ పేరుతో, తమ ధరకు అమ్ముకొనువారని దాని యర్థము. నాగరకోయిలులోని లండను మిషను బడిలో 19వ శతాబ్ద ప్రారంభమున మాల్ట్ దొరసానిగారు బాలికలకు లేసు అల్లిక నేర్పిరి. తిరువాన్కూరులో అప్పటికి బానిసత్వము కలదు. ఆ బడిలోని బానిస బాలికలు కొందరు లేసు అమ్మగా వచ్చిన సొమ్ముతో తమ విడుదలను తామే కొనుక్కొనిరి. అమెరికాలో ఎలిజబెత్ కెక్లీ యను నల్లజాతి బానిసస్త్రీ, తాను కుట్టుపని చేసిపెట్టుచుండిన స్త్రీలవద్ద అప్పు తీసికొని, 1855లో 1200 డాలర్లు చెల్లించి తన్నును తన కుమారునిని విడిపించుకొనెను. ఆ ఋణమును సూదితోనే తీర్చెను. పిమ్మట అధ్యక్షుడు లింకను భార్యకు దుస్తులు కుట్టెను. స్వతంత్రమను మాటకు వీరి జీవితములలో నున్న యర్థము పత్రికలవారికి తోచియుండదు.

అయితే సూది చేతబట్టిన వారందరికిని స్వాతంత్ర్యము రాలేదు. ఇందుకు తార్కాణము మన తెలుగుదేశముననే యున్నది. దానిని కొంచెము విపులముగా చెప్పెదను.

గోదావరి యొడ్డున నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో స్త్రీలు సన్నని దారమును కొక్కెపుసూదితో అల్లి లేసు చేయుదురు. స్కాట్లండునుండి వచ్చిన మక్రే దంపతులు 1844లో ఈ విద్యను తెలుగు స్త్రీలకు నేర్పిరని చెప్పుదురు. భద్రాచలమునకు ఎగువనున్న దుమ్ముగూడెములో గూడ మిషనువారు లేసు పని నడపిరి. మొదట నేర్చుకొన్నవారు బీద క్రైస్తవ స్త్రీలు. వారికి కూలిపనికంటె గౌరవప్రదమైన జీవనము దొరకవలెనని నేర్పినవారి తలంపు. సీమలోని స్నేహితులద్వారా ఆ లేసు అమ్ముడుపోయి, వచ్చిన సొమ్ము మిషనులద్వారా కుటుంబములకు చేరెడిది. తరువాత వర్తకులు వచ్చిరి. పనియు ఇతర కులముల స్త్రీలకు, ముఖ్యముగా ఇల్లు వెడలని కాపు స్త్రీలకు, వ్యాపించెను.

మరియా మీస్ అను జర్మను విదుషీమణి ఈ ప్రాంతమున నివసించి, పరిశీలించి, 1982లో నరసాపురపు లేసుస్త్రీలను గూర్చి యొక గ్రంథము ప్రకటించెను. మన ఉపాధ్యాయులందరును చదువదగిన గ్రంథమది. ఆమె చూపిన విషయమేమనగా: పూవులు అల్లునది ఒకతె, ఆ పూవులను కలిపి కుట్టు అతుకుపని చేయునది వేరొకతె. దారము వర్తకుడిచ్చును, అల్లినది వర్తకుడే తీసికొనిపోవును. పూర్తియైన బల్లగుడ్డ ఎట్లుండునో, అది యే దేశమునకు పోవునో, అచ్చట దాని వెల యెంతయో అల్లిన స్త్రీకి తెలియదు. దినమునకు ఆరు, ఎనిమిది గంటలు పనిచేసినను ఆమెను పనివారిలో లెక్కింపరు. ఇల్లాలు తీరిక వేళలో చేసికొను కాలక్షేపమందురు. కాలక్షేపమునకు కూలి తక్కువైనను అడుగువారుండరు గదా! కనీస వేతనమునకు ఎంతయో తక్కువగా వారికి ముట్టుచుండెను. ఎగుమతి వర్తకులు మేడలు కట్టిరి. 2024లో నరసాపురము లేసుకు భౌగోళిక సూచిక గుర్తింపు లభించినది, సంతోషము. ఆ గుర్తింపు ఊరి పేరును కాపాడును. అల్లిన చేతి పేరును కాపాడవలసినవా రెవరు?

నాగరకోయిలు బాలికకును నరసాపురపు ఇల్లాలికిని చేతిలోని విద్య ఒక్కటే. ఒకతె విడుదల నొందెను, మరియొకతె నూరుసంవత్సరములకు పైగా పూవులు అల్లుచునే యుండెను. నాకు తోచిన కారణమిది. తాను చేసిన వస్తువు మొత్తముగా తన చేతిలో నుండి, దాని వెల తనకు తెలిసినప్పుడే పనివానికి స్వేచ్ఛ కలుగును. పనిని ముక్కలు చేసి, ఒక్క ముక్కనే నేర్పినచో, నేర్చినవాడు ఎంత నేర్పరియైనను ఇంకొకని కీలుబొమ్మయే.

మన కుట్టుగదిలో నేర్పుచున్నదేమి? పరుగుకుట్టు, వెనుకకుట్టు, గొలుసుకుట్టు, కాజా కుట్టుట, గుండీ తగిలించుట. ఎనిమిదవ తరగతిలో చేతిరుమాలు, తొమ్మిదవ తరగతిలో దిండుగలీబు. దిండుగలీబునకు కావలసిన గుడ్డను పంతులమ్మగారే కత్తిరించి యిత్తురు. రెండు సంవత్సరములలో ఒక్క బాలికయైనను కత్తెరతో గుడ్డను కోయదు. నేను కావలెనని విచారించితిని: గుడ్డ చెడిపోవునని భయమట. మేలు! బజారులోని దర్జీ దుకాణమునకు పోయి చూడుడు. మిషనులమీద నలుగురు కుట్టుచుందురు. వారికి బట్టకు ఇంతయని కూలి. పసివాడు కాజాలు కుట్టుచుండును. బల్లయొద్ద నిలువబడి, మెడలో టేపు వేసికొని, సుద్దతో గీతలు గీసి కత్తిరించునతడే యజమాని. అతనిని కటింగు మాస్టరందురు. దుకాణము పేరు అతనిది. ఇరువదియేండ్లు మిషను త్రొక్కినవాడు కూడ కత్తిరింపు నేర్వనిదే సొంత దుకాణము పెట్టలేడు. ఈ సంగతి మన జిల్లాలో కుట్టే కులవృత్తిగా గల మేరవారి యింట పసిపిల్లలకు గూడ తెలియును. మన పాఠ్యక్రమమునకు మాత్రము తెలియదు. మనము బాలికలకు సూది యిచ్చి కత్తెర దాచితిమి. నేర్పినది కూలివాని భాగము. దాచినది యజమాని భాగము.

కత్తిరింపు విద్య సామాన్యమైనది కాదు. చదునైన గుడ్డను గుండ్రని శరీరమునకు అమర్చుట రేఖాగణితము. రవికె చేతి తలను చంకకు అతుకునప్పుడు, చేతి వంపు చంక వంపుకంటె కొంచెము పొడవుగా నుండవలెను. ఎంత పొడవుండవలెనో కుట్టువానికి గాక కత్తిరించువానికి తెలిసియుండవలెను. గుడ్డలో పడుగు వెంబడి లాగినచో సాగదు. పేక వెంబడి స్వల్పముగా సాగును. ఏటవాలుగా లాగినచో మిక్కిలి సాగును. పారిసులో పదునొకండవయేట కుట్టుపనిలో శిష్యురాలిగా చేరిన మడలీన్ వియొనే (1876–1975) ఈ యేటవాలు కత్తిరింపుతోనే జగత్ప్రసిద్ధి నొందెను. మన వీధిదర్జీలు దానినే క్రాసు కటింగు అందురు. ఏ రవికె క్రాసు కటింగో స్త్రీలందరికిని తెలియును. కొత్తవాడ నేతవారి పిల్లలు మన బడిలో చదువుచున్నారు. పడుగు పేకల గుణమును వారు మనకు నేర్పగలరు. మన కుట్టుగదిలో వారిని ఒక్కనాడైన అడిగినవారు లేరు.

కొందరు తలిదండ్రులు, మా పిల్లను దర్జీని చేయుటకా బడికి పంపినదని అడుగుదురు. ఈ మాట నన్ను నొప్పించును గాని, అందలి బాధ నాకర్థమగును. మన సంఘములలోని కుటుంబములు అనేకము తరతరములు చేతిపని చేసి, దానికి ప్రతిఫలముగా అవమానమునే పొందినవి. చదువనగా చేతిపనినుండి తప్పించుకొను దారియని వారు తలంచుట సహజము. వారికి నేను చెప్పునది, వేదగ్రంథమున పనివారిని పేరుపెట్టి చెప్పిన పుటలను చూడుడని. ప్రత్యక్షపు గుడారమును అలంకరించుటకు దేవుడు బెసలేలును పేరుపెట్టి పిలిచెనని నిర్గమకాండము 31వ అధ్యాయమున నున్నది. యొప్పేలో దొర్కా మరణించినప్పుడు విధవరాండ్రు పేతురునకు ఆమె సుగుణములను వర్ణించుటతో ఊరకొనలేదు; ఆమె కుట్టియిచ్చిన అంగీలను వస్త్రములను తెచ్చి చూపిరి. హన్నా యేటేట సమూయేలునకు చిన్న అంగీ కుట్టి తీసికొనిపోవుచుండెను; పిల్లవాడు పెరుగుచుండగా ఏటికేడు కొలత మారియుండును గదా, దూరముననున్న కుమారుని కొలతను ఆ తల్లి యెట్లు ఊహించెనో యని నేను పలుమారు తలంచుచుందును.

పేరు చెప్పుట స్వల్పవిషయము కాదు. అమెరికాలో ఆన్ లో అను నల్లజాతి వస్త్రశిల్పి యుండెను. తల్లియు అమ్మమ్మయు కుట్టుపనివారే. తల్లి హఠాత్తుగా మరణించినప్పుడు, అలబామా గవర్నరు భార్యకై ఆమె సగము కుట్టియుంచిన గౌనులను ఈమె పూర్తిచేసి, తన్ను తాను నమ్ముకొనెను. 1953లో జాక్వెలీన్ బూవియే, జాన్ కెనడీగార్ల వివాహమునకు పెండ్లిదుస్తులు ఆమెయే కుట్టెను. ముహూర్తమునకు పదిదినములు ముందు పనిశాలలో నీరు పొర్లి, పెండ్లిగౌనును తోడిపెండ్లికూతుండ్ర గౌనులును పాడయ్యెను. ఒక్కరికిని చెప్పక, తన నష్టమునకే, అన్నిటిని తిరిగి కుట్టి సమయమునకు అందించెను. ఆ గౌనును కొనియాడిన పత్రికలలో ఆమె పేరు దాదాపు కానరాలేదు. మన మహానటి చిత్రమునకై పాతకాలపు చీరలను తిరిగి నేసిన నేతగాండ్ర పేర్లు మనలో ఎందరికి తెలియును?

కంప్యూటరునకు నేను విరోధిని కాను. ఇప్పుడు పెద్ద కార్మాగారములలో కత్తిరింపు నమూనాలను కంప్యూటరులోనే గీయుచున్నారు. హైదరాబాదులో 1995లో స్థాపింపబడిన జాతీయ ఫ్యాషను సాంకేతిక సంస్థలోను దానిని నేర్పుదురు. కాని గుడ్డ నెన్నడును కోయనివాడు తెరమీద గీసిన గీత నిజమో కాదో ఎట్లు నిర్ణయించును? గదులు చాలనిచో కంప్యూటర్లను మేడమీది భూగోళపు గదిలో పెట్టవచ్చును. ఆ గదిలో ప్రస్తుతము విరిగిన బల్లలు తప్ప ఏమియు లేవు.

రెడీమేడు దుస్తులు వచ్చిన పిదప కుట్టు దండుగ యనువారు మన యూరి చరిత్రను తలంచుకొనవలెను. ఓరుగల్లు రాజ్యపు సన్నబట్టలను సాలెగూటితో పోల్చి మార్కోపోలో పొగడెను. ఓరుగంటి తివాచీలను 1851లో లండను మహాప్రదర్శనమున ఉంచిరి. మన జంపఖానాలకు 2018లో భౌగోళిక సూచిక వచ్చెను. 1934లో ఆజంజాహి మిల్లు వెలసి, వేలమందికి అన్నము పెట్టి, 21వ శతాబ్ద ప్రారంభమున మూతపడెను. ఇప్పటికిని ఏనుమాముల బజారునకు పత్తి బండ్లకు బండ్లుగా వచ్చును. పత్తి మనది, నూలు మనది, నేత మనది. కత్తిరించి కుట్టి పేరు వేయు పని మాత్రము అన్యదేశములది. 2017లో గీసుకొండ, సంగెము మండలములలో కాకతీయ మెగా వస్త్రోద్యానమునకు శంకుస్థాపన జరిగినది. అచ్చట దుస్తుల కార్మాగారములు రావలెను, మన బిడ్డలకు పని దొరకవలెను. అయితే అట్టి కార్మాగారములో ఒకరు దినమంతయు కాలరులే కుట్టుదురు, మరియొకరు జేబులే కుట్టుదురు. నరసాపురపు పూవులు, అతుకుపని యిచ్చటను మరల వచ్చును. అందు పనికి పోవు పిల్లకు అంగీ మొత్తము కుట్టుట తెలిసియుండెనా, ఐదేండ్ల తరువాత బయటికి వచ్చి తన దుకాణము పెట్టుకొనుటకు ఆశ యుండును. తెలియదా, అచ్చటనే యుండును.

ఇంకొక విషయము. బజారులో దర్జీలందరును పురుషులు. బడిలో కుట్టు నేర్చువారందరును బాలికలు. ఇది యెంత వింత! డబ్బు వచ్చు చోట కుట్టు పురుషుని విద్య, డబ్బు రాని చోట స్త్రీకి తగిన పని. దీనిని మార్చుటకు బడికంటె తగిన స్థలము లేదు. బాలురను గూడ కుట్టుగదికి పంపవలెను. వసతిగృహములోని మన బాలురు గుండీ ఊడిన అంగీలతో పిన్నీసులు పెట్టుకొని ప్రార్థనకు వచ్చుట చూచుచునే యున్నాము.

మిషనును గూర్చి ఒక్కమాట. పారిసులో తిమోనియే యను దర్జీ 1830లో కుట్టుయంత్రమునకు హక్కుపత్రము పొంది పనిశాల పెట్టగా, తమ కూడు పోవునని దర్జీలు మూకగా వచ్చి దానిని పగులగొట్టిరి. 1851లో సింగరు మిషను అమెరికాలో వెలువడెను. 1856నుండి దానిని వాయిదాలమీద అమ్ముటచే బీదయిండ్లకును చేరెను. యంత్రములపై విముఖుడైన గాంధీమహాత్ముడు కూడ 1924లో సింగరు మిషనును మాత్రము మినహాయించెను. భార్య పడు శ్రమను చూడలేక చేసిన యంత్రమని దానిపై ఆయనకు ఆదరము. మన ఆరు మిషనులలో రెండింటికి బెల్టులు లేవు, ఒకదానికి సూదిపట్టు వదులైనది. బాగుచేయించుటకు పెద్ద వ్యయము కాదు.

ఇక చేయవలసినదేమి? 1937 వార్ధా సభనుండి చేతిపనితో చదువును గూర్చి మన దేశమున ఎన్నో నివేదికలు వెలువడినవి. నేను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో చదివిన కాలమున పని అనుభవమను పేర మేము అట్టలు వేసిన దస్త్రములు వ్రాసితిమి. అందు పనియు లేదు, అనుభవమును లేదు. 2020 జాతీయ విద్యావిధానము ఆరునుండి ఎనిమిదవ తరగతివరకు గల పిల్లలకు పుస్తకముల సంచి లేని పదిదినములు ఏర్పరచి, స్థానిక వృత్తులవారియొద్దకు పంపుమన్నది. ఆ పదిలో మూడు దినములు ఊరి దర్జీయొద్దను, రెండు దినములు కొత్తవాడ మగ్గములయొద్దను గడుపవచ్చును. దర్జీగారిని ఊరక పిలువరాదు; ఆయన ఒకదినపు కూలిని లెక్కకట్టి యిచ్చి, బల్లయొద్ద ఆయనను గురువుగా నిలుపవలెను.

మొదటి పాఠము వెస్ట్‌వుడ్ పంతులమ్మగారిది కావలెను. ప్రతి విద్యార్థియు ఇంటినుండి పాత అంగీ యొకటి తెచ్చి, చంకకుట్టు, భుజపుకుట్టు, కాలరుకుట్టు ఒక్కొక్కటిగా విప్పి, ముక్కలను పాత వార్తాపత్రికలపై పరచి గీయవలెను. గుడ్డకు ఖర్చు లేదు, చెడిపోవునను భయము లేదు. రెండవ పాఠమున ఆ కాగితపు నమూనాను తన తోటివాని కొలతకు మార్చి, పాత దుప్పటిమీద కత్తిరింపవలెను. చెడిపోయిన చెడిపోనిండు. సంవత్సరాంతమునకు ఒక్కొక్కరు ఒక పూర్తి దుస్తును, అనగా అంగీయో, పరికిణీయో, రవికెయో, కొలతనుండి గుండీవరకు తామే చేయవలెను. దుస్తు లోపల మెడదగ్గర చిన్న పట్టీపై కుట్టినవారి పేరు దారముతో వ్రాయవలెను. వార్షికోత్సవమున వానిని అమ్మవలెను.

ధరను మాత్రము పిల్లలే నిర్ణయింపవలెను. గుడ్డకు ఎంత, దారమునకు గుండీలకు ఎంత, ఎన్ని గంటలు పనిచేసితిమి, గంటకు కూలి యెంత కట్టవలెను, అమ్ముడుపోనిచో నష్టమెవరిది, ఇవన్నియు వ్రాసి లెక్క తేల్చవలెను. ఈ లెక్కలను నేర్పు పనిని మన గణితోపాధ్యాయులకే అప్పగింతము. పరీక్షలముందు వారు తీసికొనిన కుట్టుగంటలలో కొన్నియైనను ఆ విధముగ తిరిగి వచ్చును.